నాలుగున్నర గ్రాముల మంచు

చిత్తూరు, గ్రీమ్స్‌పేట
11 ఫిబ్రవరి 1985

చిరంజీవి సంపత్తుకు బావ ముకుందం ఆశీస్సులు.

ఈ జాబు రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. కవరు కొని మూడు రోజులైంది. మొదటి రోజు కలం దొరకలేదు. రెండో రోజు కలం దొరికింది గాని బుద్ధి పుట్టలేదు. మూడో రోజు మీ అక్క ఆ కవరును మడిచి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా దోపబోతుంటే, పోనీలే అని లాక్కుని కూర్చున్నాను.

మీ సంస్థ పత్రికలో నీ వ్యాసం చూశాను. దక్షిణ ధ్రువం చుట్టూ సముద్రం మీద గడ్డకట్టే మంచు అయిదేళ్లలో నూటికి అయిదు వంతులు పెరిగిందని ఉపగ్రహం బొమ్మల్ని బట్టి తేల్చావు. మీ అక్క తమ్ముడు ధ్రువాల దాకా పోయాడని వీధిలో చెప్పుకున్నాం. హైదరాబాదులో కుర్చీలో కూర్చునే పోయాడని చెప్పలేదు, అంత వివరం వాళ్లడగలేదు.

తనంతట తాను పెరిగేది కాణిపాకం వినాయకుడొక్కడే అని మా నాయన అనేవాడు. ఎప్పుడో ఒక భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి పట్టదు. నేను సర్వే ఆఫీసులో ట్రేసరుగా చేరిన కొత్తలో ఆ కవచాన్ని టేపుతో కొలుస్తానని బయలుదేరితే, పూజారి నా చేతిలో టేపు చూసి తీర్థం కూడా పెట్టలేదు. పెరిగేదాన్ని కొలవడం అంటే నాకు అప్పటినుంచీ కొంచెం భయం. నీకు లేకపోవడం సంతోషం.

మా అమ్మాయి కుముదవల్లి పోయిన వారం వచ్చింది. ట్రంకుపెట్టె వరండాలోనే ఉంది, ఇంకా తెరవలేదు. నీ దగ్గర అయిదేళ్లు పరిశోధన చేసిన పిల్ల. స్కాలర్‌షిప్పు ఆగిపోయిందనీ, పరిశోధన గ్రంథం మీద గైడుగా నువ్వు సంతకం పెట్టనన్నావనీ, సంతకం లేకపోతే డాక్టరేటు లేదనీ చెప్పింది. అది ఆఫీసు సంగతి. మేనమామకూ మేనకోడలికీ మధ్య నేను దూరను.

నేనడిగేది వేరు. రిటైరైన ముసలివాణ్ణి, ఊరికే తెలుసుకుందామని. అంత పెద్ద మంచును ఎలా కొలిచావు? వివరంగా రాయి. మీ అక్కకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ముకుందం


హైదరాబాదు
20 ఫిబ్రవరి 1985

పూజ్యులైన బావగారికి సంపత్కుమార్ నమస్కారములు.

మీ ఉత్తరం చూసి ఎంతో ఆనందించాను. ఈ వయసులో కూడా మీ జిజ్ఞాస మెచ్చదగినది.

ఉపగ్రహంలో ఒక గ్రాహకం ఉంటుంది. భూమి నుంచి సహజంగా వెలువడే సూక్ష్మ తరంగాలను అది పట్టుకుంటుంది. ఫొటోకు వెలుతురు కావాలి, దీనికి అక్కర్లేదు. ఆరు నెలల చీకటిలోనూ, మేఘాల చాటునా మంచు దానికి కనిపిస్తుంది. చిత్రమేమంటే, దాని కంటికి విడి నీళ్లు చల్లగానూ, మంచు వెచ్చగానూ తోస్తాయి. సముద్రాన్ని పదిహేను మైళ్ల గడులుగా విభజిస్తాం. మీ చిత్తూరు, కాణిపాకం, బంగారుపాళ్యం మూడూ దాదాపు ఒక్క గడిలో పడిపోతాయి. ఏ గడిలో మంచు ఎంత ఉందో చూసి, మొత్తం విస్తీర్ణం కడతాం. సెప్టెంబరులో అక్కడ మంచు అన్నిటికంటే ఎక్కువ. కనుక అయిదేళ్ల సెప్టెంబర్లను పోల్చాను.

ఇదంతా అయస్కాంత టేపుల మీద వచ్చిన సమాచారం. మా కంప్యూటరు మీద నేనే స్వయంగా లెక్క కట్టించాను.

అమ్మాయి గురించి మీరు అడగకపోయినా చెబుతాను. కష్టపడుతుంది, కాదనను. కాని అచ్చు పటాలకు రంగులేయడం, వాటిని కత్తిరించి ఏదో తూకం వేయడం, ఇవి శాస్త్రం కావు. ఆ ఫలితాలు ఇప్పుడు నా పేరు మీద వెలువడ్డాయి గనుక, అవే ఆమె తన గ్రంథంలో పెడితే చౌర్యం అంటారు. మరో విషయం తీసుకుని మూడేళ్లు పనిచేస్తే నేనే దగ్గరుండి చూస్తాను.

అక్కకు నమస్కారాలు.

మీ
సంపత్కుమార్


చిత్తూరు
3 మార్చి 1985

చిరంజీవి సంపత్తుకు ఆశీస్సులు.

నీ జాబు మీ అక్కకు రెండుసార్లు చదివాను. మంచు వెచ్చగా, నీళ్లు చల్లగా కనిపిస్తాయన్న చోట ఆమె నవ్వి, “మా వాడికి చిన్నప్పట్నించీ అంతే, అన్నీ తిరగబడే కనిపిస్తాయి” అంది. తమ్ముడి మీద ప్రేమతోనే అంది.

కత్తిరించి తూకం వేయడం శాస్త్రం కాదన్నావు. కాదేమో. ఆ కత్తెర నాదే. పోయిన సంవత్సరం మే నెలలో సెలవుకొచ్చినప్పుడు పిల్ల ఆ మంచు హద్దులు వేసిన అచ్చు పటాలు తెచ్చింది. మీ ఆఫీసులో కంప్యూటరు తనకు దొరకడం లేదంది. వైశాల్యం కొలిచే ప్లానిమీటరు బీరువాలో ఉంది, తాళం చెవి మామ దగ్గరుంది అంది. నేను ముప్పై నాలుగేళ్లు గ్రామాల పటాలు గీసినవాణ్ణి. బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడితోట హద్దు ఎంత వంకరటింకరగా ఉండేదంటే, ప్లానిమీటరు చక్రం తిప్పి తిప్పి మా సూపరింటెండెంటు ఓబయ్య గారికి కళ్లు తిరిగాయి. ఆయనే నేర్పాడు, మందపాటి డ్రాయింగు షీటు మీద హద్దు దించి, కత్తిరించి తూచమని. కాగితం అంతా ఒకే మందమైతే, బరువే వైశాల్యం. ఆ తోట మీద కోర్టుకు పోయిన అన్నదమ్ములిద్దరూ మా లెక్కకు తల ఊపారు. తర్వాత మళ్లీ కొట్టుకున్నారు గాని, అది వేరే తోట.

అలాగే పిల్లా నేనూ మంచును షీటు మీదికి దించాం. పటం అంచుల్లో వైశాల్యం ఎక్కువగా కనబడుతుందని ఆమె వలయాలుగా విడగొట్టి, ఒక్కో వలయానికి ఒక్కో లెక్క కట్టింది. తూకానికి మా వీధి ఏకాంబరం ఆచారి కంసాలి త్రాసు. గాజు పెట్టెలో ఉంటుంది, ఊపిరి తగిలినా ఊగుతుంది. దక్షిణ సముద్రం మీది మంచంతా, కోటీ ఎనభై లక్షల చదరపు కిలోమీటర్లు, ఆచారి త్రాసులో నాలుగున్నర గ్రాములు తూగింది. మీ అక్క చెవుల కమ్మలు అంతకంటే బరువు.

ఆ లెక్కల నోటుబుక్కు డిసెంబరులో ఆఫీసు డ్రాయరులోంచి కనిపించకుండా పోయిందట. పిల్ల అజాగ్రత్త మనిషి కాదు. అయినా పోయింది.

నీ అంకెలూ మా అంకెలూ ఒకేలా రావడం నాకు ఆశ్చర్యంగా ఉంది. కంప్యూటరుకూ కత్తెరకూ ఇంత పొత్తు కుదరడం మంచిదే. పొరపాటుగా కూడా ఆమె అంకె ఒక్కటీ నీ వ్యాసంలో చేరలేదు కదా? మీ అక్క నిద్రపట్టక అడుగుతోంది. ఒక్క ముక్క స్పష్టంగా రాయి.

ముకుందం


హైదరాబాదు
14 మార్చి 1985

బావగారికి,

మీ ఉత్తరంలో ఏదో వ్యంగ్యం ధ్వనిస్తోంది. అక్క పేరు పెట్టి మీరే అడుగుతున్నారని నాకు తెలుసు. సరే, స్పష్టంగానే రాస్తున్నాను. వ్యాసంలోని అయిదు అంకెలూ కంప్యూటరువి, నావి. ఒక్క అంకెలో కూడా కుముదవల్లి చెయ్యి లేదు. ఇది నేను ఎక్కడైనా చెప్పగలను.

జూన్ మూడో వారంలో బెంగుళూరులో పెద్ద సభ ఉంది. విదేశాల నుంచి మంచు శాస్త్రజ్ఞులు వస్తున్నారు. ఈ వ్యాసం అక్కడ చదవమని నన్ను ఆహ్వానించారు. ఆ తర్వాత సంస్థలో నా స్థానం ఏమవుతుందో మీరే చూస్తారు.

అమ్మాయి తిరుపతిలో ట్యుటోరియల్ కాలేజీలో చేరిందని విన్నాను. మంచిది. ఆడపిల్లకు అది చాలు. కావాలంటే సిఫారసు ఉత్తరం ఇస్తాను.

సంపత్కుమార్


చిత్తూరు
2 ఏప్రిల్ 1985

డాక్టర్ సంపత్కుమార్ గారికి,

బెంగుళూరు సభ సంగతి విని పొంగిపోయాను. తప్పకుండా చదువు. గట్టిగా చదువు. వెనక వరసలో చెవుడు ఉన్నవాళ్లు కూడా ఉంటారు.

ఈ మధ్య నాకు నీ పెళ్లినాటి సంగతి గుర్తుకొచ్చింది. తిరుచానూరు సత్రంలో విస్తళ్ల దగ్గర నీకూ ఓ పెద్దమనిషికీ మాట పడింది. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఆయన అంటే, సరిగ్గా ఉందని నువ్వు పట్టుబట్టి మూడుసార్లు వడ్డించుకుని తిన్నావు. సాయంత్రానికి బిందెడు నీళ్లు తాగావు. నీలో నాకు నచ్చేది అదే. పట్టింది వదలవు.

నీకు ఒక చిన్న మాట రాద్దామనుకుని మానుకున్నాను. పెద్ద శాస్త్రజ్ఞుడికి ట్రేసరు చెప్పేదేముంది.

మీ అక్క ఆవకాయకు బెంగుళూరు కాయలు పనికిరావంటోంది. ఎండలు బాగా కాస్తున్నాయి. గాలిలో తేమ లేదు.

ముకుందం


హైదరాబాదు
20 జూన్ 1985

ముకుందం గారికి,

బెంగుళూరు నుంచి నిన్న వచ్చాను.

నా తర్వాత ఒక అమెరికా ఆవిడ లేచింది. టేపుల మీద లెక్కలు ఆవిడ కూడా కట్టిందట. వేదిక మీదకొచ్చి, తన అంకెలు నా అంకెల పక్కనే రాసింది. మొదటి మూడేళ్లూ వెంట్రుక వాసి తేడాతో సరిపోయాయి. చివరి రెండేళ్లు నావి నూటికి అయిదు ఎక్కువ. “మీ కంప్యూటరు మూడేళ్లు బాగా పనిచేసి, తర్వాత రెండేళ్లు ఏం చేసింది?” అని చాలా మర్యాదగా అడిగింది. ఎలా కట్టారో మెట్టు మెట్టుగా చెప్పమంది. మూడు వందలమంది చూస్తుండగా నీళ్లు తాగాను, కాగితాలు సర్దాను, మళ్లీ నీళ్లు తాగాను. మా డైరెక్టరు ముందు వరసలోనే ఉన్నాడు. సోమవారం పొద్దున కంప్యూటరు గది రిజిస్టరు తెప్పించమన్నాడు.

ఏం చేశారు మీరు? ఆ రెండేళ్ల అంకెల్లో ఏం కలిపారు? అమ్మాయి కావాలని దొంగ లెక్కలు నా దారిలో పెట్టిందని రాసివ్వడానికి నాకు అయిదు నిమిషాలు పట్టదు. ఆ తర్వాత ఏ విశ్వవిద్యాలయమూ ఆమెను గడప తొక్కనివ్వదు.

సంపత్కుమార్


చిత్తూరు
26 జూన్ 1985

సంపత్తూ,

నీ జాబు వచ్చిన రోజు మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. చాలాకాలమైంది అలా తిని.

ఇప్పుడు చెబుతాను, తీరిగ్గా విను. నేను ఏమీ కలపలేదు. వాన కలిపింది.

మొదటి మూడేళ్ల పటాలు తూచింది మే నెలలో. అప్పుడు చిత్తూరులో గోడ మీద నీళ్లు చల్లితే కిందికి జారకముందే ఆరిపోయేవి. చివరి రెండేళ్ల పటాలు పిల్ల నవంబరులో తెచ్చింది. అది తుఫాను నెల. అయిదు రోజులు వాన విడవలేదు. జాడీలో ఉప్పు నీరైంది, అగ్గిపుల్ల గీసుకోలేదు, తలుపులు ఉబ్బి మూసుకోలేదు. ఆ చెమ్మలోనే కత్తిరించాం, ఆ చెమ్మలోనే తూచాం. మంచు పెరిగిందని ఎగిరి గంతేశాం. పిల్ల ఆ అంకెలు నోటుబుక్కులో ఎక్కించుకుని హైదరాబాదు వచ్చేసింది.

డిసెంబరు మొదట్లో, ఆ చెమ్మ ఇంకా ఆరకముందే, ఆచారి నా మీద విసుక్కున్నాడు. త్రాసు పాడైందని నా అనుమానం, నా కాగితాలు పనికిరానివని ఆయన అనుమానం. తేల్చుకుందామని పాత పటం, మేలో తూచిన మొదటి ఏడాది ముక్కనే, మళ్లీ త్రాసులో వేశాం. నాలుగున్నర ఉండాల్సింది, నాలుగూ డెబ్బై రెండు చూపించింది. ఆచారి దానికి బదులుగా తులం కడ్డీ వేసి చూశాడు. అది మారలేదు. ఆయన నా మొహం చూసి, “బంగారం నీళ్లు తాగదు సామీ. కాగితం తాగతాది. ఇన్నేండ్లు కాగితాల్తోనే బతికినావే, నీకు తెలీదా?” అన్నాడు.

తెలియదు. సర్వే ఆఫీసులో మేం ఎప్పుడూ ఎండాకాలమే తూచేవాళ్లం. వానాకాలం కొలతలుండేవి కావు.

లెక్క వేసుకో. మా ఇంటి చెమ్మ దక్షిణ సముద్రం మీద మూడు ఆంధ్రప్రదేశ్‌లంత మంచును పుట్టించింది.

పిల్లకు జాబు రాస్తే పరుగున వచ్చింది. అదే షీటులోంచి కొలిచిన చతురస్రం ఒకటి కోసి, ప్రతి ముక్కతోపాటు దాన్నీ తూచి, దాంతో దీన్ని భాగించింది. చెమ్మ రెండిటికీ సమానమే గనక తప్పు కొట్టుకుపోయింది. పది రోజులు కూర్చుని అయిదేళ్లూ మొదటినుంచీ చేసింది. పెరగడం లేదు, తగ్గడం లేదు. ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. అంతకంటే చెప్పడానికి అయిదేళ్లు చాలవని రాసుకుంది. అది రెండో నోటుబుక్కు. దాన్ని తీసుకుని ఆమె హైదరాబాదు చేరేసరికి మొదటిది డ్రాయరులో లేదు, నీ వ్యాసం అచ్చుకు పోయింది.

నువ్వు ఎత్తుకుపోయింది తడిసిన పుస్తకం.

ఇప్పుడు పిల్ల దొంగ లెక్కలు పెట్టిందని రాస్తానంటున్నావు. రాయి. ఫిబ్రవరి ఇరవైన నువ్వు రాసిన జాబూ, మార్చి పధ్నాలుగున రాసిందీ నా దగ్గర ఉత్తరాల తీగకు గుచ్చి ఉన్నాయి. ఒక్క అంకెలో ఆమె చెయ్యి లేదన్నావు, ఎక్కడైనా చెబుతానన్నావు. నేను పనిగట్టుకుని అడిగి మరీ రాయించుకున్నాను. ఆమె లెక్కలంటే నువ్వు అబద్ధికుడివి. కంప్యూటరు లెక్కలంటే, హైదరాబాదు కంప్యూటరు చిత్తూరు తుఫానులో ఎలా తడిసిందో మీ డైరెక్టరుకు చెప్పాలి. నీకేది నచ్చితే అది ఎంచుకో.

నాకు కావలసింది చిన్నది. కొలిచింది కుముదవల్లి అని, సరైన అంకెలు ఇవీ అని మీ పత్రికలో నీ పేరుతో పడాలి. ఆమె గ్రంథం మీద నీ సంతకం పడాలి. ఆగస్టు దాటితే ఆ రెండు జాబులూ నకళ్లు తీయించి మీ డైరెక్టరుకు పంపుతాను. నా చేతిరాత ఇంకా బాగుంటుంది.

ముకుందం


హైదరాబాదు
5 జూలై 1985

బావా,

రిజిస్టరు చూశారు. నా పేరున ఒక్క గంట కూడా లేదు. సంజాయిషీ అడిగారు.

నేను తీశాను. ఇంకేం దాచను. జనవరిలోపు ఏదో ఒకటి అచ్చులో కనబడకపోతే సెక్షను నా కిందికి రాదని చెప్పారు. పదకొండేళ్లు ఆ కుర్చీ కోసం చూశాను. డ్రాయరు తెరిచి ఉంది. ఆమె నా అక్క కూతురే కదా, తర్వాత సర్దిచెప్పవచ్చు అనుకున్నాను.

కాని మీకు ఫిబ్రవరిలోనే తెలుసు. ఏప్రిల్లో తేమ లేదని రాసి నవ్వుకున్నారు. ఒక్క ముక్క రాసి ఉంటే బెంగుళూరు వెళ్లేవాణ్ణి కాదు. మీరు నన్ను మెట్లదాకా చెయ్యి పట్టి నడిపించి తోశారు.

మీరు పగవారు, సరే. అమ్మాయి సంగతేమిటి? తన అంకె తప్పని తెలిసి, అచ్చులో నాలుగు నెలలు అలా ఉండనిచ్చిందంటే, ఆమెకు డాక్టరేటు ఎందుకు? నేను దొంగనే. ఆమె శాస్త్రజ్ఞురాలేనా? ఈ మాట ఆమెకు చదివి వినిపించండి.

సంపత్తు


చిత్తూరు
16 జూలై 1985

సంపత్తూ,

చదివి వినిపించాను. నీ జాబులు ఇంట్లో చదవడం అలవాటైపోయి, ముందు నేనొకసారి చూసుకోవాలన్న జ్ఞానం లేకపోయింది. ఆదివారం పిల్ల తిరుపతి నుంచి వచ్చింది. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, నీ ఏడుపు తనకు వినిపించి సంతోషపెడదామని మొదలుపెట్టాను. ఆమె శాస్త్రజ్ఞురాలేనా అన్న చోట కుముదవల్లి చెయ్యెత్తింది.

“నేను రాసిచ్చినాను గదా నాయనా. ఫిబ్రవరిలో వచ్చిన రోజే. తప్పు యాడుండాదో, సరైన అంకెలేవో అన్నీ రాసి, పోస్టు చెయ్యమని నీ చేతికే ఇచ్చినాను. తప్పని తెలిసీ మామ బెంగుళూరులో చదివినాడని ఇన్నాళ్లూ మండిపోతా ఉండాను.”

నేను మరిచిపోయానన్నాను. చొక్కా జేబులో ఉండిపోయిందనీ, చాకలికి పోయిందనీ ఏవేవో అన్నాను.

“అది మామ అంకె కాదు నాయనా, నా అంకె. ఎత్తుకపోయినా నాదే. తప్పని తెలిసినాక ఒక్క రోజు గూడా ఉండకూడదు” అంది. గట్టిగా అనలేదు. లేచి ట్రంకుపెట్టె దగ్గరకు పోయి అటు తిరిగి కూర్చుంది.

నీ ఒక్కడికే నిజం రాస్తున్నాను, ఎందుకంటే నీకే అర్థమవుతుంది. నేను మరవలేదు. ఆమె ఇచ్చిన కవరు జేబులో పెట్టుకుని పోస్టాఫీసు దాకా వెళ్లాను. డబ్బా ముందు నిలబడ్డాను. దీన్ని వేస్తే నువ్వు ఒక చిన్న సవరణ అచ్చు వేయించుకుని ఇంకా పెద్దవాడివవుతావు, పిల్ల డాక్టరేటు లేకుండానే ఉంటుంది. లోపలికి పోయి ఇంకో కవరు కొన్నాను. అందులోనే నా మొదటి జాబు రాశాను. పిల్లది ఇదుగో, ఇందులో పెడుతున్నాను. అంటించింది అంటించినట్టే ఉంది. స్టాంపు కూడా మంచిది.

చింతిస్తున్నానని రాయను. బెంగుళూరులో నువ్వు నీళ్లు తాగిన సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా నోరు తియ్యగానే ఉంది. నాకు ఇబ్బందల్లా ఇంట్లోనే.

మీ అక్క ఇప్పటిదాకా ఇద్దరి వైపూ మాట్లాడలేదు. ఆదివారం మాట్లాడింది. “తమ్ముణ్ణి కాణిపాకం రమ్మనండి” అంది. నీకు తెలియంది కాదు. పొలం గట్టు తగాదా అయినా, ఇంకోటైనా, ఐరాల నుంచి చిత్తూరు దాకా ఆ స్వామి ముందే తేలుతుంది. కోనేట్లో మునిగి తడి బట్టలతో పోయి, ఇది నిజమని చెప్పాలి. అబద్ధమాడితే ఇల్లు నిలవదంటారు. సగం తగాదాలు స్నానం దగ్గరే తెగిపోతాయి. తల మునగడానికి ముందు నోరు తెరుచుకుంటుంది. ఆ అంకెలు ఎవరివో నువ్వు అక్కడ చెప్పాలట. చెబితే సంజాయిషీ ఎలా రాసుకోవాలో ఆమె అడగదట. చెప్పకపోతే తనకు తమ్ముడు లేడట. కాగితాలు తీసుకుని ఆగస్టు తొమ్మిది, శుక్రవారం రా. చిత్తూరు బస్టాండులో ఉంటాం.

ముకుందం


హైదరాబాదు
27 జూలై 1985

బావా,

అమ్మాయి ఉత్తరం విప్పి చదివాను. “మామా, మీరు వేసిన అంకెల్లో చివరి రెండూ తప్పు, దయచేసి వెంటనే సవరించండి” అని మొదలుపెట్టింది. నా దొంగతనం గురించి ఒక్క మాట లేదు. మూడు పేజీలూ తేమ గురించే.

శుక్రవారం వస్తాను. అంకెలు ఎవరివో చెబుతాను.

ఒక చిన్న మనవి. మీరు ఉత్తరం మరిచిపోయిన మాట కూడా స్వామి ముందే చెబితే బాగుంటుందని అక్కకు వేరే కార్డు రాశాను. కార్డు మీదయితే ఇంటిల్లిపాదీ చదువుతారు కదా. నేను మీ దగ్గరే నేర్చుకున్నాను.

సంపత్తు


చిత్తూరు
22 సెప్టెంబరు 1985

సంపత్తూ,

మీ పత్రిక వచ్చింది. సవరణ వేశారు. కుముదవల్లి పేరు పెద్ద అక్షరాలతోనే వేశారు, అంకెలు సరిగ్గా ఉన్నాయి. “ఈ కొలతలు పూర్తిగా ఆమెవి” అన్న వాక్యం కింద నీ పేరు చూశాను. నిన్ను వేరే విభాగానికి మార్చారని విన్నాను. అక్కడ కిటికీ ఉందా?

కాణిపాకంలో నువ్వు స్నానం దాకా పోలేదు. చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, మీ అక్క వైపు తిరిగి, “అంకెలు దానివే అక్కా. నేనెత్తుకున్నాను” అన్నావు. టెంకాయల అంగడి బల్ల మీద కూర్చుని అయిదు చోట్ల సంతకాలు చేసి, ప్రసాదం కూడా తీసుకోకుండా బస్సెక్కావు. ఆ తర్వాత జరిగింది నువ్వు చూడలేదు. చూడాలని ఆ కార్డు రాసినవాడివి గనక చెప్పడం నా ధర్మం.

నీ బస్సు మలుపు తిరిగాక మీ అక్క నా చేతికి తువ్వాలిచ్చింది.

“ఇంక మీ వంతు. మరిచిపోయినానని ఆడ చెప్పి రండి. నేను గూడా నమ్ముతాను.”

పిల్ల పక్కనే ఉంది. కాగితాలు సంచిలో పెట్టుకుంటోంది. ఒక్కో సంతకం మీద ఊది, సిరా ఆరిందా లేదా అని చూసుకుంటోంది.

నేను పంచె ఎగగట్టి దిగాను. మొదటి మెట్టు, రెండో మెట్టు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. ఆ పక్కన ఐరాల వైపు రైతులు ఇద్దరు, ఒక ఎద్దు గురించి వచ్చినట్టున్నారు, నాకు చోటిచ్చి జరిగారు. మునిగితే అయిపోయేది. అబద్ధం చెబితే ఇల్లు నిలవదన్నది నేను నమ్మను. అరవై ఎనిమిదేళ్లలో ఎన్నో అబద్ధాలు చెప్పాను, ఇల్లు అక్కడే ఉంది. కాని వెనక్కి తిరిగి చూస్తే పిల్ల నన్నే చూస్తోంది. చదరపు ముక్కను త్రాసులో వేసి ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసేటప్పుడు ఎలా చూసేదో, అలాగే.

పైకి వచ్చేశాను. కాళ్లు మాత్రమే తడిశాయి.

మీ అక్క తువ్వాలు తీసుకుని తానే వంగి నా కాళ్లు తుడవబోయింది. వద్దన్నాను. “అట్లయితే మరవలేదు” అంది, నన్నడిగినట్టు కాదు. బస్సులో నాకు కిటికీ సీటు వదిలింది. చిత్తూరు చేరేదాకా ఆడవాళ్లిద్దరూ వంకాయల గురించి మాట్లాడుకున్నారు.

నువ్వు గెలిచావని రాయించుకోవాలనుకుంటే, రాశాను. నేను గెలిచింది కూడా నీకు తెలుసు. ఆ అయిదు సంతకాలను పెట్టించింది నేనే, ఇంకోలా అయితే నువ్వు పెట్టేవాడివి కాదు. పిల్లకు ఆ మాట చెప్పి చూశాను. “నా ఉత్తరం పోస్టు చేసుంటే పెట్టుండే వాడేమో నాయనా. ఇప్పుడింక తెలీదు గదా” అంది. కొలవని దాని గురించి ఆమె ఎప్పుడూ అంతే, తెలియదంటుంది.

గ్రంథం టైపు పూర్తయింది. నాకు చదవడానికిచ్చింది. చెమ్మ గురించి ఒక అధ్యాయమే ఉంది, మన తప్పు మొదటినుంచి చివరిదాకా, ఏ రోజు వాన పడింది, ఏ ముక్క ఎంత తూగింది, ఎవరు పట్టుకున్నారు అన్నీ. నా పేరు అందులో రెండుసార్లు వచ్చింది, కత్తిరించినవాడుగా ఒకసారి, తప్పు చేసినవాడుగా ఒకసారి. నీ పేరు అట్ట మీద గైడు అన్న చోట మాత్రం ఉంది. కృతజ్ఞతల పేజీ కోసం వెతికాను. అందరి గ్రంథాల్లోనూ ఉంటుంది కదా. ఆమె దాన్ని పెట్టలేదు. టైపిస్టు పేజీ జారిపోయిందేమోనని అడిగాడట, లేదని చెప్పిందట.

మొన్న తిరుపతిలో బైండింగుకిచ్చింది. ఎర్ర కాలికో గుడ్డ అయిపోయిందని అంగడివాడు చెప్పాడు. నీలం వేయించింది.

ముకుందం